బంధువు కాని మనిషి కావలెను

కాగ్నా నది పొంగి మా గొర్రెల దొడ్డి కొట్టుకుపోయి ఇది ఆరో ఏడు. ఈ లెక్క గుర్తుంచుకోండి, ముందు ముందు కోర్టు వారికే అవసరం పడుతుంది. ఇంతకీ నేను చెప్పదలచింది ఒకటే. అప్లికేషన్ ఫారాన్ని మించిన మేలు మనిషికి మరొకటి లేదు!

నవ్వకండి. మీ బంధువులెవరో మీకు తెలుసా? పెళ్లి కార్డులు పంచేటప్పుడు తప్ప ఎవరికీ తెలియదు. నాకు మాత్రం పోయిన గురువారం ఒక్క ఫోన్ కాల్‌తో తెలిసింది.

మా బిడ్డ సింధుజ లా చదువుతోంది, ఆఖరి ఏడాది. జడ్జి గారి దగ్గర లా క్లర్కు పనికి అప్లై చేసింది. క్లర్కంటే ఫైళ్లు మోయడం కాదట. కేసు కాగితాలు ముందే చదివి, అలాంటి కేసులో ఇదివరకు ఏ తీర్పు వచ్చిందో వెతికి, జడ్జి గారికి నోట్ రాసి పెట్టాలట. ఏడాది పాటు పక్కన కూర్చుని నేర్చుకునే పని. గొర్రెలు కాసుకునే మా వాళ్లలో జడ్జి ముందు నిలబడ్డవాళ్లు ఉన్నారు గానీ, పక్కన కూర్చున్నవాళ్లు ఇంతవరకు లేరు.

ఆ ఫారం వల్ల ఎన్ని లాభాలని! మార్కుల మెమోలు మూడేసి సెట్లు తీయించేసరికి వికారాబాద్‌లో ప్రతి జిరాక్సు షాపుకూ మా బిడ్డ తెలిసిన మనిషైంది. ఫొటో వెనక తెల్లగా ఉండాలంటే నా భార్య సుమిత్రమ్మ ఉన్న ఒక్క తెల్ల దుప్పటీ ఉతికి గోడకు కట్టింది. మా గోడ అంత తెల్లగా ఎన్నడూ లేదు. ఈ పని మీకెందుకు కావాలో అయిదు వందల మాటల్లో రాయమని ఒక కాలమ్. నా జన్మలో అన్నీ కలిపి అన్ని మాటలు మాట్లాడానో లేదో! నేర్చుకోవడానికి అన్న ఒక్క మాటను సాగదీస్తే అయిదు వందలవుతుందని బిడ్డ రాసి చూపించింది. ఇది విద్య కాదా?

వికారాబాద్ కోర్టు దగ్గర నోటరీ వరుసలో మా ముందు వంశీ అనే అబ్బాయి నిలబడ్డాడు. అతనిదీ అదే అప్లికేషన్. ఎంత మర్యాద! తన లెటర్ రాసిచ్చే సీనియర్ వకీలుతో ఫోన్‌లో మాటమాటకూ సారే.

"సార్, లెటర్ మీద సంతకం అయిందా సార్? అమ్మ ఆదివారం మీకు రాఖీ కట్టనీకి వస్తదట సార్. మీ చెల్లె చేతి గారెలంటే మీకిష్టం గదా సార్."

లెటర్ అంటే ఏమిటంటారా? ఫారంలో అన్నిటికన్నా గొప్ప కాలమ్ అదే. అభ్యర్థిని కనీసం అయిదేళ్లుగా ఎరిగిన పెద్దమనిషి, ఆఫీసరుగానో వకీలుగానో చేసినవాడు, ఈమె మంచిదని రాసి సంతకం పెట్టాలి. ఆయన బంధువు మాత్రం కాకూడదు.

మాకు అలాంటివాడు ఒక్కడే. తాండూరులో హెడ్మాస్టరుగా రిటైరైన ఖుద్దూస్. దొడ్డి కొట్టుకుపోయిన రోజు మా ముగ్గురినీ, మిగిలిన నలభై గొర్రెలనూ తన వరండాలోకి తోలుకున్నాడు. ఆయన భార్య జహీరాబీ తొమ్మిది రోజులు గొర్రెలను దాటుకుంటూ వచ్చి మాకు రొట్టెలు పెట్టింది. పదో రోజు కల్లా ఆయన నాకు బావ, ఆమె నాకు చెల్లె. అయినా పుట్టుకతో గానీ, పెళ్లితో గానీ మాకు ఏ చుట్టరికమూ లేదు. ఇంతకన్నా బంధువు కానివాడు జిల్లాలో దొరుకుతాడా?

లెటర్ అందంగా రాసిచ్చాడు. గురువారం మధ్యాహ్నం ఆఫీసు వాళ్లు పరిశీలనకని ఆయనకు ఫోన్ చేశారు. ఈ అమ్మాయి మీకేమవుతుందని అడిగారు.

"నా మేనకోడలు సార్" అన్నాడట గర్వంగా. "వాళ్లమ్మ ఏటేటా నాకు రాఖీ కడ్తది."

లెటర్ కొట్టేశారు. బంధువు కాని మనిషి దగ్గర వేరే లెటర్ తేవాలి, లేదా తనకు బంధుత్వం లేదని ఆయనే రాసివ్వాలి. శుక్రవారం సాయంత్రం అయిదులోగా ఆ కాగితం ఆఫీసులో అందకపోతే అప్లికేషన్ చెల్లదు.

వెతికాం. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసరు మా బిడ్డకు బాబాయి. బొంరాస్‌పేటలో వ్యవసాయ ఆఫీసరు పెద్దనాన్న. దౌల్తాబాద్‌లో గొర్రెలకు సూదులేసే పశువుల డాక్టరు అతియా అక్క. మా ఇంటి పేరు కూడా వాళ్లకు తెలియదు. కానీ ఫోన్ చేసి అడిగితే అందరూ వరసే చెబుతారు. పిలుపులో వరస లేకుంటే మాకు నోరు రాదు మరి!

"మామనే రాసియ్యాలె నాయినా" అంది సింధుజ. "గానీ నేనడగ. నువ్వు నాకేం గావని రాయి మామా అని ఎట్లడుగుత?"

రాఖీ కట్టిన చేత్తో తానూ అడగలేనంది సుమిత్రమ్మ. ఇద్దరూ నావైపు చూశారు.

"గీయన నోరు తెరిసేసరికి ఆఫీసు మూస్తరు" అంది నా భార్యే మళ్లీ.

కనుక పాఠకులారా, ఫారాన్ని తిట్టకండి. తప్పు మా పిలుపుది. వంశీని చూసి నేర్చుకోవాలి. అతను మేనమామను సార్ అన్నాడు, సంతకం చెల్లింది. మా బిడ్డ సార్‌ను మామ అంది, చెల్లలేదు. సొంత మేనమామలు కోర్టులో ఉన్నవాళ్లకు ఫారం మీద ఒక్క బంధువూ కనిపించడు. కోర్టు గడపలో ఎవరూ లేని మాకు మాత్రం జిల్లా అంతా బంధువులే!

శుక్రవారం పొద్దున, ఆఫీసుకు రైలెక్కాల్సిన బిడ్డను తాండూరు స్టేషన్లో నిలబెట్టి ఖుద్దూస్ ఇంటికి వెళ్లాను. తొమ్మిది రోజులు పడుకున్న వరండా ఎక్కలేదు. మెట్ల కింద చెప్పులతోనే నిలబడి, "సార్" అని పిలిచాను.

జహీరాబీ బయటికొచ్చి నన్ను పైనుంచి కింది దాకా చూసింది. లోపలికి తిరిగి, "ఎవరో పెద్దమనిషొచ్చిండు జీ, మనకు తెల్వదు" అంది.

తన మాట వల్లే లెటర్ పోయిందని తెలిసి ఖుద్దూస్ అప్పటికే రాసిపెట్టాడు. సింధుజకూ తనకూ ఎలాంటి చుట్టరికమూ లేదని, మూడే మూడు వరుసలు. ఎన్ని వేల సంతకాలు పెట్టిన చెయ్యో, ఈ సంతకం మాత్రం వంకర పోయింది. కాగితం ఇస్తూ నా మొహం చూడలేదు.

"సరిపోతదేమో చూస్కో బావా" అని, అంతలోనే సర్దుకుని, "చూస్కోండి" అన్నాడు.

తల ఊపి స్టేషన్‌కు బయల్దేరాను. ఒక చేతిలో కాగితం. ఇంకో చేతిలో బిడ్డ రైల్లో తినడానికి రొట్టెల డబ్బా. అది కట్టిచ్చింది మా జహీరాబీ చెల్లె.

తప్పయింది. జహీరాబీ మేడమ్.