రాబందు గారు రుచి చూసిన రసం

అదొక పెద్ద అడవి. ఎంత పెద్దదంటే, దానికో ఆహార భద్రతా మండలి కూడా ఉండేది.

మండలికి అధికారిగా ఎవరిని వెయ్యాలా అని ఆలోచించి, సింహరాజు రాబందు గారిని వేశాడు. కుళ్లిన సరుకు గురించి అంత అనుభవం ఇంకెవరికుంది? ఆయన పరీక్ష కూడా సులువు. ఒక దొప్పెడు తాగుతారు. సాయంత్రానికి ఆయన బాగుంటే సరుకు బాగున్నట్టే. ఇంతవరకు ఆ పరీక్షలో ఏ సరుకూ తప్పలేదు.

గుబ్బయ్య అనే ఎలుగుబంటి పళ్లరసం దుకాణం పెట్టాడు. రాలి పాడైన పళ్లు ఏరుకొచ్చి, బూజు పట్టిన చోట గోటితో గీకేసి, మిగతాది పిండేవాడు. బూజు విషం పండు లోపలికి దిగుతుందనీ, రసం కాచినా పోదనీ అతనికి తెలుసు. అందుకే తను మాత్రం తేనె తప్ప ఏదీ ముట్టేవాడు కాదు.

చుక్కమ్మ అనే లేడి, బలమొస్తుందని తన కూనకి ఆ రసం పట్టించింది. అప్పట్నుంచీ కూనకి ఒకటే వాంతులు. కాళ్లమీద నిలబడలేకపోతోంది. చుక్కమ్మ ఏడుస్తూ మండలికి పరిగెత్తింది. రాబందు గారు అక్కడికక్కడే ఒక దొప్పెడు తాగి, ముక్కు తుడుచుకుని, సాయంత్రం దాకా కూడా ఆగకుండా, రసం భేషుగ్గా ఉందని తేల్చేశారు.

"అయ్యా, తమరి కడుపు వేరు, నా బిడ్డ కడుపు వేరు," అంది చుక్కమ్మ.

"కడుపుకో ప్రమాణం పెట్టుకుంటూ పోతే మండలి నడవదమ్మా," అన్నారాయన.

మర్నాడే గుబ్బయ్య 'రాబందు గారు తాగిన రసం' అని బోర్డు కట్టాడు. గిరాకీ పెరిగింది. సింహరాజు ముచ్చటపడి అతనికి సన్మాన సభ పెట్టించాడు. శాలువా కప్పాక, ఉత్తమ రసాన్ని ఉత్తమ వ్యాపారి చేతే తాగించాలని సరదాపడ్డాడు. గుబ్బయ్య ఉపవాసమన్నాడు. గొంతు నొప్పన్నాడు. రాజు దొప్ప చేతిలో పెట్టి, ఎదురుగా నిలబడ్డాడు. సింహం అలా చూస్తుంటే ఎవరైనా తాగుతారు. శాలువా తియ్యకముందే గుబ్బయ్య వాంతి చేసుకుని వేదిక మీద కూలబడ్డాడు.

ఇప్పుడైనా న్యాయం జరుగుతుందనుకుంది చుక్కమ్మ, పాపం.

విచారణ జరిగింది. రాబందు గారు కుండలో మిగిలిందంతా తాగి, రసంలో దోషం లేదని మళ్లీ రుజువు చేశారు. ఎలుగు కడుపూ, లేడికూన కడుపూ మండలి ప్రమాణాలకు తగ్గట్టు లేవని తీర్పు వచ్చింది. గుబ్బయ్యకు నిజం తెలుసు. కానీ చెబితే దుకాణం పోతుంది, అందుకని మూలుగుతూనే తలూపాడు. చుక్కమ్మ ఇంటికెళ్లి, ఇంకా లేవలేని కూన పక్కన పడుకుంది.

సభ చూసినవాళ్లెవరూ మళ్లీ ఆ దుకాణానికి వెళ్లలేదు. ఇప్పుడక్కడ రాబందు గారొక్కరే తాగుతున్నారు, పరీక్ష పేరు చెప్పి, ఊరికే.

నీతి: సరుకెప్పుడూ పాసే, ఫెయిలయ్యేది తాగినవాళ్ల కడుపులే.