ఈ పేజీలోని వ్యక్తి లేరు

సోమవారం ఉదయం పదకొండు గంటలకు పురపాలక గ్రంథాలయ కమిటీ దెయ్యాలు లేవని ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం తక్షణం అమల్లోకి వచ్చింది.

కమిటీలో ఐదుగురు సభ్యులు. ఐదుగురూ మగవాళ్ళే. చైర్మన్ నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైనవారు. 'మురుగునీటి పారుదల: సూత్రాలు, అనుభవాలు' అని రెండు సంపుటాల గ్రంథం రాసి, పది ప్రతులు గ్రంథాలయానికి ఉచితంగా ఇచ్చారు. ఆ పదీ ఎవరు ఎప్పుడు వచ్చి అడిగినా బీరువాలోనే ఉంటాయి. పాఠకులకు అంత అందుబాటులో ఉన్న పుస్తకం అక్కడ మరొకటి లేదు.

దెయ్యాల ప్రస్తావన ఎందుకొచ్చిందంటే, ఆ ఏడాది జనం ఇళ్ళకు పట్టుకెళ్ళిన పుస్తకాల్లో సగానికి సగం ఒకే బీరువాలోవని తేలింది. దాని మీద 'అతీంద్రియ ప్రేమ నవలలు' అని చీటీ ఉంటుంది. జనం దెయ్యాల బీరువా అంటారు. ఆ నవలల్లో ప్రేమించుకునే ఇద్దరిలో ఒకరు కచ్చితంగా బతికే ఉంటారు. రెండోవారి సంగతి చదివితే గాని తెలియదు. ఒకదాంట్లో లిఫ్టు నడిపే యువకుడు ప్రతి పౌర్ణమికీ తోడేలవుతాడు. నెలకు ఆ ఒక్క రోజు సెలవివ్వమని మేనేజరమ్మను అడుగుతాడు. ఆవిడ కారణం రాసిమ్మంటుంది. అక్కణ్ణుంచి మూడువందల పేజీలు.

పుస్తకాలిచ్చే కౌంటర్లో కూర్చునే సహాయకురాలిని అందరూ కౌంటరమ్మ అంటారు. ఆ బీరువాలో ఆమె చదవని పుస్తకం లేదు. ఇంటికి వెళ్ళి, వంట చేసి, గిన్నెలు కడిగి, మర్నాటికి కూరలు తరిగి పెట్టుకున్నాక ఆమెకు ఒక గంట మిగులుతుంది. రోజు మొత్తంలో తనది అని ఆమె చెప్పుకోగలిగింది ఆ గంటే. వంటింటి స్టూలు మీద కూర్చుని, గోడకు వీపు ఆనించి చదువుకుంటుంది. అదే పుస్తకాన్ని పగటిపూట అత్తగారు చదువుతారు. అత్తగారు పేజీ మూల మడుస్తారు. కోడలు బస్సు టికెట్టు పెట్టుకుంటుంది. ఎవరు ముందుకు వెళ్ళినా రెండోవాళ్ళకు కథ చెప్పకూడదని ఒప్పందం. ఆ ఇంట్లో మిగతా ఒప్పందాలన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తప్పారు గాని, ఇది తప్పలేదు. చనిపోయిన మనిషి మొట్టమొదటిసారి తలుపు గడియ చేత్తో పట్టుకోగలిగే పేజీ ఒకటి ఇలాంటి ప్రతి నవలలోనూ వస్తుంది. ఆ పేజీ దగ్గర స్టవ్ మీద పాలు పొంగిపోవడం అత్త హయాంలోనూ జరిగింది, కోడలి హయాంలోనూ జరిగింది.

బీరువా మొత్తాన్ని తూకానికి అమ్మేద్దామన్నది చైర్మన్ మొదటి ప్రతిపాదన. సమావేశాల్లో టీ ఇవ్వడానికే తప్ప నోరు తెరవని కౌంటరమ్మ ఆ రోజు తెరిచింది.

"దెయ్యాలు లేవని చదివేవాళ్ళకు తెలుసు సార్."

"తెలిసి కూడా చదువుతున్నారా?" అన్నారు చైర్మన్. "అయితే జబ్బు ముదిరిందన్నమాట."

అప్పుడు బ్యాంకు మేనేజరుగా రిటైరైన సభ్యుడు మధ్యేమార్గం చూపించారు. సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక వేస్తున్నారు కదా, ఇక్కడా అదే చేద్దామన్నారు. హెచ్చరిక బాగా పనిచేస్తుందని, తాను పాతికేళ్ళుగా రోజూ చదువుతున్నానని చెప్పి, సిగరెట్టు కాల్చుకోవడానికి బయటికి వెళ్ళారు. ఆయన తిరిగొచ్చేలోగా తీర్మానం తయారైంది. దెయ్యం, రక్తపిశాచి, తోడేలు మనిషి వగైరా కనిపించే ప్రతి పేజీ అడుగునా 'ఈ పేజీలోని వ్యక్తి లేరు' అని రబ్బరు ముద్ర వేయాలి. మూడు నెలలు చూడాలి. ఈలోగా ఈ పుస్తకాల వల్ల కీడు జరిగిందని ఒక్క ఫిర్యాదు రాతపూర్వకంగా వచ్చినా బీరువా తూకానికి పోతుంది.

ముద్రకు ప్రారంభోత్సవం జరిగింది. చైర్మన్ ప్రసంగించారు. "చూడ్డానికి ఇది చిన్న ముద్రే. కాని అజ్ఞానం మీద పడుతున్న మొదటి ముద్ర ఇది. నా సర్వీసులో ఎన్నో మూతలు తెరిపించాను. మనుషుల బుర్రల మీద మూత తెరిపించడం ఇదే మొదలు." చప్పట్ల మధ్య ఒక నవల అందుకుని, తెరుచుకున్న పేజీ మీద స్వహస్తంతో ముద్ర వేశారు. ఆ పేజీలో ఉన్నది నాయిక మేనత్త. బతికే ఉంది, పైగా ఆరోగ్యంగా ఉంది. ఒకసారి పడిన ముద్రను చెరిపే నిబంధన లేనందువల్ల ఆవిడ లేకుండానే ఉండిపోయింది.

ఏ పేజీలో ఎవరున్నారో చదివితే గాని తెలియదు కాబట్టి, చదివి ముద్ర వేసే బాధ్యతను కౌంటరమ్మకు అప్పగించారు. ఇన్నేళ్ళూ సొరుగు సగం తెరిచి, ఎవరూ చూడకుండా చేసిన పని అప్పటినుంచి ఆమె ఉద్యోగ ధర్మమైంది. సందేహాలొచ్చినప్పుడు కమిటీ వివరణలు జారీ చేసింది. అడుగుల చప్పుడు మాత్రమే వినిపిస్తే ముద్ర అక్కర్లేదు, మెడ మీద ఊపిరి తగిలితే వేయాలి. లిఫ్టు యువకుడికి పౌర్ణమి నాటి పేజీల్లో వేయాలి, మిగతా రోజుల్లో అతను ఉన్నట్టే లెక్క. మారుతూ ఉన్న పేజీ ఉంటే ముద్ర సగం పడాలి. కౌంటరమ్మ ముద్ర కింద కాగితం అడ్డుపెట్టి సగం వేయడం నేర్చుకుంది.

రెండో వారంలో బస్సు కండక్టరమ్మ ఒక నవల తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. ఆమె పాత పాఠకురాలు. ఆఖరి ట్రిప్పులో సీట్లు ఖాళీ అయ్యాక వెనక సీట్లో కూర్చుని చదువుతుంది. ఆ నవలలో ఒకాయన పెట్టె పట్టుకుని అద్దె గది కోసం వస్తాడు. ఆయన ఎప్పుడో చనిపోయాడన్న సంగతి నాయికకూ పాఠకులకూ తెలిసేది చివరి పాతిక పేజీల్లో. ముద్ర మాత్రం ఆయన గుమ్మంలో కాలు పెట్టిన పేజీలోనే పడింది.

"గది చూపించకముందే చంపేశావు కదమ్మా ఆయన్ని," అంది కండక్టరమ్మ. "నెల్లాళ్ళ నుంచి వరసలో ఉన్నాను ఈ పుస్తకం కోసం. ఏదీ, తెల్లకాగితం ఇటివ్వు."

రాస్తే ఏమవుతుందో కౌంటరమ్మ చెప్పింది. కండక్టరమ్మ కాసేపు బీరువా వైపు చూసి, కాగితం వెనక్కిచ్చేసింది. తరువాతి సమావేశంలో కౌంటరమ్మ ఈ సమస్యను తన మాటగా విన్నవించింది. రచయిత్రి నిజం దాచిపెట్టారని, ప్రజాసంస్థ దాచకూడదని చైర్మన్ చెప్పారు. అప్పటినుంచి పాఠకులు పేజీ అడుగున బొటనవేలు పెట్టి చదవడం అలవాటు చేసుకున్నారు. ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ మాత్రం ముద్రల వల్ల ఎంతో సమయం కలిసొస్తోందని, తాను ముద్ర ఉన్న పేజీలే చదువుతున్నానని మెచ్చుకున్నారు. పుస్తకాలు మునుపటికంటే ఎక్కువగా బయటికి వెళ్ళాయి. హేతువాద దృష్టి ఇంటింటికీ చేరుతోందని చైర్మన్ హర్షం ప్రకటించారు. మురుగునీటి పారుదల రెండు సంపుటాలూ యథాస్థానంలో ఉన్నాయి.

మూడు నెలల గడువు ఇంకో వారంలో ముగుస్తుందనగా ఫిర్యాదు వచ్చింది. రాతపూర్వకంగా వచ్చింది. కింద సంతకం కౌంటరమ్మ అత్తగారిది.

కౌంటరమ్మ ఆ కాగితాన్ని చేత్తో పట్టుకునే ఇంటికి వెళ్ళింది. భర్త హాల్లో టీవీ చూస్తున్నాడు. "ఏమండీ, మీ అమ్మగారు ఏం చేశారో—" అనబోయింది. భర్త "ఊఁ" అన్నాడు. ఆమె ఇంకా 'ఏమండీ' దగ్గరే ఉంది. వంటింట్లోకి వెళ్ళింది.

"అత్తయ్యా, మీ కాగితంతో బీరువా తూకానికి పోతుంది. రేపటినుంచి ఇద్దరం కూర్చుని కందిపప్పు పొట్లాం చుట్టిన కాగితాలు చదువుకోవాలి."

అత్తగారు పేజీ మూల మడిచి పుస్తకం మూశారు.

"ఎందుకు పోతుందే? ముద్ర తీసెయ్యమన్నానా? ఇంకొకాయనక్కూడా వెయ్యమన్నాను. మీ చైర్మన్‌కి ముద్రలంటే సరదా కదా."

"వాళ్ళు అది చూస్తారా? ఫిర్యాదు అన్న మాట చూస్తారు."

"చూడనీ. నా వయసులో అబద్ధం రాయమంటావా?"

ఆ రాత్రి స్టూలు మీద కౌంటరమ్మ పుస్తకం తెరిచింది గాని పేజీ తిప్పలేదు.

అత్యవసర సమావేశం బుధవారం జరిగింది. ఫిర్యాదును చైర్మన్ పైకి చదివారు. అందులో ఇలా ఉంది.

'అయ్యా, నేను ఈ మధ్య చదివిన నవలలో ఇద్దరు మగవాళ్ళు ఉన్నారు. ఒకరు మేడ మీద గదిలో ఉండే గడియారాలు బాగుచేసే ఆయన. పోయి రెండువందల ఏళ్ళయింది. ఈయన పేజీలకు మీరు ముద్ర సక్రమంగా వేశారు. రెండో ఆయన పక్కింట్లో ఉండే గుమస్తా. బతికే ఉన్నాడని రాశారు. నాయిక ఏదైనా చెప్పడం మొదలుపెడితే ఈయన టీవీ కట్టేసి, ఆమె వైపు తిరిగి, చివరిదాకా వింటాడు. మధ్యలో సలహా చెప్పడు. అంతా విని "తర్వాత ఏమైంది?" అని అడుగుతాడు. ఇలాంటి పేజీలు చాలా ఉన్నాయి. ఒక్కదానికీ ముద్ర లేదు. నేను ఒక భర్తతో కాపురం చేశాను. ఒక కొడుకును స్వయంగా పెంచాను. కనుక ఈ విషయంలో నాకు అనుభవం ఉంది. గడియారాలాయన్ని చదివి ఎవరూ మోసపోరు. ఈ గుమస్తాను చదివిన ఆడపిల్లలు ఇలాంటివాళ్ళు ఉంటారనుకుని పెళ్ళిళ్ళు చేసుకునే ప్రమాదం ఉంది. వెంటనే ముద్ర వేయించ ప్రార్థన.'

తూకం సంగతి ఎత్తడానికి ఒక సభ్యుడు సిద్ధమయ్యారు. చైర్మన్ చెయ్యి ఎత్తి ఆపారు. ఫిర్యాదు పుస్తకాల మీద కాదని, ముద్ర చాలలేదని చేసినదని, కమిటీ మార్గం సరైనదేననడానికి ఇంతకంటే రుజువు ఉండదని అన్నారు. అయితే సంస్థ దేన్నీ గుడ్డిగా నమ్మదని, అలాంటి వ్యక్తి లేడనడానికి ముందు విచారణ జరగాలని నిర్ణయించారు.

విచారణ మొదలైంది. తాను రోజూ భార్య మాట వింటానని బ్యాంకు మేనేజరుగారు చెప్పారు. ఆవిడ చివరిసారిగా చెప్పిన విషయమేమిటని చైర్మన్ అడిగారు. "ఇంటి విషయమే," అన్నారాయన. ఇంకొకరు తమ అల్లుడు అచ్చం ఆ గుమస్తాలాంటివాడేనని, ఈ సంగతి తమ అమ్మాయే చెప్పిందని అన్నారు.

"ఏమని చెప్పింది?"

"పూర్తిగా వినలేదు. అప్పుడు వార్తలొస్తున్నాయి."

మిగిలిన ఇద్దరు తాము ఆ సమయంలో ఫోను చూసుకుంటున్నందువల్ల ప్రశ్న మళ్ళీ చెప్పమన్నారు.

చివరికి చైర్మన్ తననే సాక్షిగా నిలబెట్టుకున్నారు. శాస్త్రీయ దృష్టి అంటే ముందు తన మీద తాను ప్రయోగం చేసుకోవడమేనని చెప్పి, జేబులోంచి ఫోను తీసి, అందరికీ వినిపించేలా స్పీకరు పెట్టి ఇంటికి చేశారు.

"నువ్వు చెప్పేది నేనెప్పుడైనా చివరిదాకా విన్నానా లేదా? ఊరికే కాదు, ఇక్కడ మినిట్స్‌లో రాయాలి."

అవతల స్టవ్ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"మన పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి," అంది ఆవిడ, "రైల్వే స్టేషన్లో నేను ఒక్కదాన్నీ కూర్చుని—"

"సరే సరే, మీటింగులో ఉన్నా," అని చైర్మన్ ఫోను పెట్టేశారు.

టీ కప్పులు సర్దుతున్న కౌంటరమ్మ చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది. విచారణ పూర్తయిందని చైర్మన్ ప్రకటించారు. ఆడది చెప్పే మాట చివరిదాకా విని, తరువాత ఏమైందని అడిగే మగవాడు లేడని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. దెయ్యాల తీర్మానానికి పట్టినంత సమయం కూడా దీనికి పట్టలేదు. ప్రజల్లో భ్రమలు కలగకుండా తగిన జాగ్రత్త తీసుకున్నందువల్ల బీరువా యథాతథంగా ఉంటుందని అదే కాగితంలో రాసుకున్నారు. కౌంటరమ్మ ఆ సాయంత్రమే గుమస్తా ఉన్న పేజీలన్నిటికీ ముద్ర వేసింది. ఎక్కడా ముద్ర సగం వేయాల్సిన అవసరం రాలేదు.

మర్నాడు కౌంటర్ ముందు ఒక పెద్దావిడ నిలబడింది. కొత్తగా సభ్యత్వం కావాలంది. చిరునామా చూసి కౌంటరమ్మ లేచి నిలబడింది.

"కూర్చో తల్లీ," అంది ఆవిడ. "నిన్న ఫోన్లో మాట్లాడింది నేనే. విన్నావా?"

"సగం విన్నానండీ."

"సగమే చెప్పనిచ్చారు. ఆ లేనాయన పుస్తకం ఉందట కదా, అదివ్వు."

కౌంటరమ్మ పుస్తకం తెచ్చింది. దాన్ని ఆవిడ చేతికివ్వకుండా ఇద్దరికీ మధ్య కౌంటర్ మీద పెట్టి, "రైల్వే స్టేషన్లో ఏమైందండీ?" అని అడిగింది.

చైర్మన్ భార్య భుజానున్న సంచి దించి పుస్తకం పక్కన పెట్టింది. మొదటినుంచి చెప్పింది. వెనక వరసలో నిలబడ్డ కండక్టరమ్మ కూడా ముందుకు జరిగి వింది. బయట స్టాపులో ఉన్న బస్సు ఆ రోజు ఆలస్యంగా కదిలింది.

పుస్తకం తిరిగివ్వాల్సిన గడువు దాటింది. గడువు దాటిన పుస్తకాలకు చైర్మన్ సంతకంతో నోటీసు పంపడం అక్కడి పద్ధతి. చైర్మన్ చదవకుండానే సంతకం చేశారు. నోటీసు చైర్మన్ ఇంటికి వెళ్ళింది. పుస్తకం ఇంతవరకు తిరిగి రాలేదు.