నూటపదహారో సెకను నుంచి జోలపాట

బరంపురం ఆంధ్ర వర్తక సేవా సమాజం వారి మొబైల్ యాప్ గత గురువారం ఉదయం పదిన్నరకు, సమాజ భవనంలో, దివ్యంగా ప్రారంభమైంది. మన పాటలను ఎక్కడెక్కడో ఉన్న మనవాళ్ళకు వినిపించడం దీని ఉద్దేశం. వినిపించాయా అని అడిగే తొందరపాటు మనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వారి కోసమే ఈ నివేదిక.

మొదటి పాటగా గురువమ్మ జోలపాట ఎంపికైంది. గురువమ్మ గోపాల్‌పూర్ సముద్రపుటొడ్డు నుంచి చేపల గంపతో బజారుకు వచ్చే మనిషి. కొడుకు శంకర్ సూరత్‌లో మరమగ్గాల మీద రాత్రి షిఫ్టు చేస్తాడు కాబట్టి పగలు పడుకోవాలి. మూడు నెలల కూతురు పడుకోనివ్వదు. కోడలు గాయత్రి కాన్పుకు వెళ్ళిన గురువమ్మ, రెండు నెలలు ఆ పిల్లకు జోలపాడి, బాగా అలవాటు చేసి, తిరిగొచ్చేసింది. ఇప్పుడా పిల్ల నాయనమ్మ గొంతు వింటే తప్ప కన్ను మూయదు. ఫోనులో పాడదామంటే సరిగ్గా ఆ వేళకే బజార్లో బేరాలు. మగ్గం దగ్గర ఇంకొక్కసారి కునికితే పనిలోంచి తీసేస్తానని మేస్త్రీ శంకర్‌కు చెప్పేశాడు.

"నా పాట ఫోన్లో ఎట్టీండి బాబూ, కోడలు నొక్కుకుంటాది" అని గురువమ్మ సమాజం మెట్లెక్కి అడిగింది.

పాట రికార్డు చేశారు. అదే నిమిషాన వాట్సాప్‌లో పంపేస్తే సరిపోతుందని నవ్య అంది. ఈ నవ్య సమాజం కోశాధికారి శివరామ్ గారి కూతురు; భువనేశ్వర్‌లో యాప్‌లు రాసే ఉద్యోగం, సెలవుకు వచ్చి దొరికిపోయింది. అంతటి గొంతును వాట్సాప్‌లో పంపడం గొంతుకు అవమానమని సమాజం ఏకగ్రీవంగా తీర్మానించింది. గురువమ్మ చేతులు జోడించింది. అవమానం నుంచి తప్పించుకున్నందుకు అనుకోవాలి.

అప్పుడు నవ్య సభ్యులకు ఒక సంగతి విన్నవించింది. పాట వినిపించాలంటే ఫోనులోని ప్లేయర్‌కు నాలుగు ముక్కలు చెప్పాలట: ఫైలు ఎక్కడుంది, ఏ రకం, ఏ సెకను నుంచి ఏ సెకను దాకా, పైన కనబడే వివరం ఏమిటి. నాలుగు ముక్కలన్నారు కాబట్టి నాలుగు ఉపసంఘాలు వేశారు. ముక్కకు ఒక్క వాక్యం చాలని ఆ పిల్ల చెప్పబోయింది గాని, అప్పటికే టిఫిన్లు వచ్చేశాయి.

ఫైలు చిరునామా చూసి మొదటి ఉపసంఘం నివ్వెరపోయింది. ముందు 'శ్రీ' లేదు! శ్రీ లేకుండా రాస్తే పోయినవారి లెక్క. బతికున్న గురువమ్మ పాటకు ఇది అపశకునం కదా. ఒక్క అక్షరం ఎక్కువైనా ఫైలు దొరకదని నవ్య మొత్తుకుంది. చివరికి శ్రీ పెట్టినట్టే పెట్టి, అది ప్లేయర్‌కు అందకుండా ఎలాగో దాచింది. ఆ నేరం ఇంతవరకూ బయటపడలేదు. రెండో ఉపసంఘం 'ఏ రకం' అన్నచోట 'మేలురకం' అని రాసి, తన బాధ్యతను ఒక్క పూటలో ముగించి అందరి మెప్పూ పొందింది.

చిక్కంతా మూడోదాని దగ్గర వచ్చింది. పాట సున్నా సెకను నుంచి మొదలవుతుందని నవ్య రాసింది. అధ్యక్షులు ధర్మలింగం గారు, చింతపండు హోల్‌సేల్‌లో ముప్పై ఏళ్ళ అనుభవం గలవారు, కళ్ళజోడు తీసేశారు.

"ఏటమ్మా ఇది? సున్నాతో శుభకార్యం మొదలెడతారేటి ఎవులైనా? సదివింపులు ఎంత రాస్తాం? నూటపదార్లు. అదే ఎయ్యి."

"పెదనాన్నగారూ, పాట మొత్తం నూటపది సెకన్లే. నూటపదహారు నుంచంటే పాట అయిపోయాక మొదలెట్టినట్టు గదా!"

"అయితే ఇంకో ఆరు సెకన్లు పాడించు."

"అప్పుడైనా ఏటీ మిగల్దు పెదనాన్నగారూ!"

"నీకు సదువుంది గాని సంప్రదాయం తెల్దు" అని అధ్యక్షులు వాత్సల్యంతో అన్నారు. శివరామ్ గారు కూతురి వైపు ఒక చూపు చూశారు. సెకన్లు తెర మీద అందరికీ కనబడతాయి కాబట్టి శ్రీలాగా దాచడానికి వీల్లేకపోయింది. పాటను పొడిగించమని నవ్య చేత గురువమ్మకు చెప్పిస్తే ఆవిడ విస్తుపోయింది.

"జోలపాటకి పొడుగేటి పాపా? పిల్ల నిద్రోతే ఆపీడమే."

ఇలాంటి క్రమశిక్షణ లేని కళాకారులతో ఎంతకని వేగుతారు? నూటపదహారు తీర్మానం యథాతథంగా నిలిచింది.

ఇక నాలుగోది, వివరం. దీన్ని శుభలేఖ పద్ధతిలో రాశారు. ధర్మలింగం గారి వంశవృక్షం, వారి చింతపండు నాణ్యత, దాతల పేర్లు, వారి గోత్రాలు, దుకాణాల వేళలు. చికిటి శాఖ పేరు కొడల శాఖ కన్నా కింద వచ్చిందని చికిటివారు అలిగితే, రెండు శాఖలనూ రెండేసిసార్లు రాసి శాంతింపజేశారు. మొత్తం ఏడు పేజీలైంది. గురువమ్మ పేరు ఏడో పేజీ చివర, షామియానా వేసినవారి తర్వాత వచ్చింది. వివరం పక్కన పాడినవారి బొమ్మ ఉంటే బాగుంటుందని నవ్య అంది గనుక పట్టుపంచెలో అధ్యక్షుల బొమ్మ పెట్టారు. చదువురానివారి సౌకర్యార్థం, పాటకు ముందు ఈ వివరమంతా యంత్రం తన గొంతుతో చదివేలా ఏర్పాటు చేశారు.

ప్రారంభం నాడు గురువమ్మ బేరాలు మానుకుని, గంపతో సహా వచ్చి, వెనక వరసలో కూర్చుంది. ధర్మలింగం గారు ప్రసంగించారు: "మన సమాజం పుట్టినకాడ్నుంచి ఇన్ని కార్యాలు సేసినాం. ఏ కార్యంలోనైనా అసలు సంగతికి సోటు సాల్లేదంటే, మనం ఎంత ఘనంగా సేసినామో సూడండి!" చప్పట్లు మోగాయి. ఆయన మీట నొక్కారు. సూరత్‌లో గాయత్రి కూడా నొక్కింది. పెద్ద తెర మీద వీడియో కాల్‌లో పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. పక్కనే ఎర్రటి కళ్ళతో శంకర్.

యంత్రం మొదలెట్టింది. ఎక్కడా ఊపిరి తీసుకోకుండా, గోత్రానికీ గోడౌనుకూ తేడా లేని గొంతుతో చదువుతూ పోయింది. రెండో పేజీలో పిల్ల ఏడుపు ఎక్కిళ్ళకు దిగింది. నాలుగో పేజీలో, చికిటి శాఖ రెండోసారి రాగానే, ఆవులించింది. ఐదో పేజీకల్లా నిద్రపోయింది. శంకర్ గోడకు చేరగిలబడి గుర్రు పెట్టాడు. సభలో సగం మంది వాళ్ళను అనుసరించారు. ఏడు పేజీలూ అయ్యాక ప్లేయర్ నూటపదహారో సెకనుకు వెళ్ళి చూసి, అక్కడేమీ లేకపోవడంతో, 'పూర్తయింది' అని చూపించింది.

గురువమ్మ తన ఫోను తీసి, సన్నగా అడిగింది. "గాయిత్రీ, నా పాట ఇన్నాదా పిల్ల?"

"లేదత్తా, అది రాకముందే నిద్రోయింది. ఈ సదివే గొంతే బాగున్నాది. ఇంక నువ్వు శ్రమపడకు."

మంచిదేలే అంది గురువమ్మ. కొడుకు పని నిలబడింది కదా. గంప నెత్తికెత్తుకుని బజారు వైపు వెళ్ళింది. ఆ రోజు చేపలు అమ్ముతూ ఎవరితోనూ బేరమాడలేదని తెలిసింది.

యాప్‌కు ఇప్పుడు అయిదు నక్షత్రాలు. సూరత్ నుంచి పిల్లల తల్లులు ఎనిమిదో పేజీ కోరుతున్నారు. పాట వల్ల అనవసరంగా బరువెక్కువవుతోందని గ్రహించి, సమాజం దాన్ని యాప్‌లోంచి తొలగించింది. నవ్య ఒక్కతే, ఒక్కరైనా పాట కోసం అడిగితే తిరిగి పెడదామని, కాపీ దాచుకుని కూర్చుంది.

ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మీరూ ఇంతసేపు ధర్మలింగం గారి చింతపండు దాకా శ్రద్ధగా చదివారు గాని, గురువమ్మ పాటలో మొదటి మాటేమిటని అడిగారా?