కుడి నుంచి చదవాల్సిన సావనీర్

ఆ శనివారం పొద్దున మెహక్‌కి మూడే పనులున్నాయి. తొమ్మిదింటిలోగా సమీక్షలో ఆఖరి పేరా రాయడం, పదింటికి పుస్తకాన్ని కొరియర్‌లో కలకత్తా పంపడం, పదిన్నరకి తను పాఠాలు చెప్పే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కి చేరడం. వీటిలో ఏ ఒక్కదానికీ బెల్లం వర్తకులతో సంబంధం లేదు.

ఆ పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చిన జపాన్ బొమ్మల కథ. ఇద్దరు మగవాళ్ళు ఒకరినొకరు ప్రేమించుకునే ఇలాంటి కథల్ని అభిమానులు ‘బాయ్స్ లవ్’ అంటారు. పేరు అలా ఉన్నా ఈ కథలో ఇద్దరూ ముప్పై దాటినవాళ్ళే. ఒకడు రేవు ఊళ్ళో గొడుగులు బాగుచేస్తాడు. రెండోవాడు లాంచీ మీద ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మన్. అది 2008. అలాంటి పుస్తకం అనకాపల్లిలో దొరకడం మాట అటుంచి, పేరు చెబితే విశాఖపట్నం కొట్లవాళ్ళు కూడా స్పెల్లింగ్ అడిగేవారు. అందుకే ఇంటర్నెట్‌లో స్నేహితులైన తొమ్మిదిమంది అమ్మాయిలు, తలా ఒక ఊళ్ళో ఉంటూ, తమ దగ్గరున్న పుస్తకాల్ని కొరియర్‌లో తిప్పుకునేవారు. చదివి, తమ వెబ్‌సైట్‌లో ఇంగ్లీషులో సమీక్షలు రాసుకునేవారు. ఎవరి దగ్గరైనా పుస్తకం పది రోజులే. మెహక్‌కి అది పదో రోజు.

ఇరవై నాలుగేళ్ళ మెహక్ ఆ పది రోజుల్లో ఆ పుస్తకాన్ని ఏడుసార్లు చదివింది. "ఈ చిత్రకారిణి వానను గీతలతో గీయలేదు, తడిసిన భుజాలతో గీసింది" అని సమీక్షలో రాసింది. "ఇందులో పదకొండు పేజీల్లో మాటే లేదు. ఆ పదకొండు పేజీలే నాకు కంఠతా వచ్చాయి" అని కూడా రాసింది. పది దాటేసినా ఆఖరి పేరా మాత్రం మిగిలే ఉంది. దానికోసం రేవు ఘట్టం ఇంకొక్కసారి చూద్దామని లేచి బల్ల దగ్గరకు వెళితే పుస్తకం లేదు.

"అమ్మీ! ఇక్కడ నా పుస్తకం ఉండాలి."

జోహరాబీ వంటింట్లోంచి తల బయటకు పెట్టింది. "మీ అబ్బా పట్టుకెళ్ళేరు. కాయితాలు ఊడిపోతన్నాయి, కుట్టి ఇత్తానన్నారు."

మెహక్ చెప్పులు వేసుకుని పరుగు తీసింది. తండ్రి ఇసాక్‌కి బజార్లో బైండింగ్ షాపు ఉంది. కాలేజీ రికార్డులకైనా, ఆఫీసు రిజిస్టర్లకైనా ఊరంతా అక్కడికే వస్తుంది. ఇసాక్ కుట్టిన పుస్తకంలో ముప్పై ఏళ్ళుగా ఒక్క పేజీ తారుమారు కాలేదన్నది ఆ బజార్లో అందరూ ఒప్పుకున్న మాట. ఆ పుస్తకాల్లో ఏముంటుందో మాత్రం మెహక్ ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ‘జపాన్ కథలు’ అంది, అంతే.

ఇసాక్ కూతుర్ని చూసి నవ్వాడు. "రా బేటీ. కుట్టేసేను, కొరియర్ కూడా సేసేను. బల్ల మీద నువ్వు అడ్రసు రాసుంచేవు గదా, నీకెందుకు శ్రమని."

మెహక్ గుండె కుదుటపడింది. ఆఖరి పేరా జ్ఞాపకం మీద రాసుకోవచ్చు.

"ఒకే బల్ల మీద రెండు పన్లు అయిపోయేయి," అన్నాడు ఇసాక్. "బెల్లం వర్తకుల సంఘం రజతోత్సవం గదా ఈయేళ. సావనీర్లన్నీ ప్రెస్సువోళ్ళే పిన్ను కొట్టేసేరు. ప్రెసిడెంటు గారికి స్టేజీ మీద ఇవ్వడానికి ఒక్కటి మాత్రం రెక్సిన్ అట్టేసి, బంగారు అచ్చరాలు కొట్టమన్నారు. అదీ నీ పుస్తకం ఒకటే సైజు. నడి మద్దెలో కరెంటొచ్చి ఫేను తిరిగింది సూడు, కాయితాలన్నీ గాల్లోకి లేసిపోయేయి!"

"కళ్ళజోడు పెట్టుకునే ఏరారా అబ్బా?"

"అది ఇంటికాడ మరిసిపోయేను. నాకు కళ్ళజోడెందుకు? యేళ్ళతో తడిమి సెప్తాను ఏ కాయితం ఏదో." ఒక్క క్షణం ఆగి మెచ్చుకోలుగా తలూపాడు. "అయినా బెల్లం వర్తకులు అందులో గొడుగు బొమ్మలెందుకు ఏయించేరో మరి."

మెహక్ స్టూలు మీద కూలబడింది. "గొడుగు... బొమ్మలా?"

తండ్రికి విషయం అర్థమయ్యేసరికి అతని ముఖం తెల్లకాగితంలా అయింది. సావనీర్ తొమ్మిదింటికే కల్యాణమండపం చేరిపోయింది. పదకొండింటికి సభ. ఇసాక్ షాపు తలుపు దగ్గరగా వేసి, బైండింగ్ కత్తి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తండ్రీకూతుళ్ళు ఆటో ఎక్కారు.

సంఘం అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్, కార్యదర్శి అప్పలరమణ ఒకప్పుడు ఒకే కంచంలో తిన్న స్నేహితులు. నాలుగేళ్ళ కిందట సంఘమంతా బస్సులో అరకు పిక్నిక్ వెళ్ళింది. తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డు మీద, జోరువానలో, ఒక టీకొట్టు దగ్గర బస్సు ఆగింది. మనుషుల్ని చూసుకునే బాధ్యత రాజేంద్రప్రసాద్‌ది. "అందరూ వచ్చేసేరు, పోనీ" అన్నాడు. అప్పలరమణ రాలేదు. టీకొట్టు వెనక పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆనాటి నుంచి వాళ్ళిద్దరి మధ్య మాటల్లేవు. సంఘం పనులన్నీ చీటీల మీద జరిగేవి. ఒకే గదిలో, ఎదురెదురుగా కూర్చుని, చీటీలు పంపుకునేవారు.

మెహక్ మండపంలో అడుగుపెట్టేటప్పటికి రెక్సిన్ సావనీర్ చేతులు మారిపోయింది. అప్పలరమణ పైకప్పు చూస్తూ ఇచ్చాడు. రాజేంద్రప్రసాద్ నేల చూస్తూ పుచ్చుకున్నాడు. మైకు దగ్గర రిటైర్డ్ తెలుగు పండితుడు త్రినాధరావు మాస్టారు గొంతు సవరించుకుని ప్రకటించారు.

"ఇప్పుడు అధ్యక్షులవారు తమ సందేశాన్ని తామే చదివి వినిపిస్తారు. పదకొండవ పేజీ."

రాజేంద్రప్రసాద్ పదకొండో పేజీ తీశాడు. వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. "మాస్టారూ," అన్నాడు, "ఇందులో నేను లేనండి."

మాస్టారు వంగి చూశారు. "గొడుగు ఉందండి."

మైకులో ఆ మాట నాలుగువందల మందికీ వినిపించింది. అప్పలరమణ కుతూహలం ఆపుకోలేక తొంగిచూశాడు. ఎడమ పేజీలో ఇద్దరు మగవాళ్ళు ఒకే గొడుగు కింద, భుజానికి భుజం ఆనించి ఉన్నారు. కుడి పేజీలో వాళ్ళలో ఒకడు వానలో ఒంటరిగా, ఎటో చూస్తూ నిలబడ్డాడు. అప్పలరమణ వాటిని ఎవరైనా చదివినట్టే, ఎడమ నుంచి కుడికి చదివాడు. ముక్కుపుటాలు అదిరాయి.

"ఓహో! ముందు ఒకే గొడుగు కింద నడిపించడం, పక్క పేజీకొచ్చేసరికి వానలో ఒగ్గేసి పోవడం! నలుగురిలో నన్ను ఎక్కిరించడానికి బొమ్మలు కూడా గీయించేవా ప్రసాదూ?"

"నాను గీయించడమేటి? సావనీర్ పని సెక్రటరీది. నువ్వే ఏయించి, స్టేజీ మీద నన్ను దోషిని సేద్దామనుకున్నావు!"

"టీకొట్టు కాడ ఒగ్గేసిందెవుడు?"

"సెప్పకుండా పంపు కాడికి ఎల్లిందెవుడు?"

మాస్టారు చేతులెత్తి మధ్యలోకి వచ్చారు. "శాంతించండి. ఇది ఆధునిక చిత్రకళ. గొడుగు అనగా సంఘం. వాన అనగా గిట్టుబాటు లేని..."

"మాస్టారూ, కూకోండి!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. నాలుగేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి అన్న మొదటి మాట అదే.

మెహక్ వేదిక మెట్లెక్కింది. "అయ్యా, ఆ బొమ్మలు మీ గురించి కావండి. అవి నా పుస్తకంలోవి. మా నాన్నగారి షాపులో గాలికి కలిసిపోయాయి. తప్పు మాదే. కానీ మీరు తిరగేసి చదువుతున్నారు."

"తిరగేసేటి? తిన్నగానే పట్టుకున్నాను గదా," అన్నాడు రాజేంద్రప్రసాద్.

"జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకి చదవాలండి. ముందు ఇది చూడండి. ఇతను వానలో నిలబడ్డాడు. ఆఖరి లాంచీ వెళ్ళిపోయింది. ఇక ఎవరూ రారు. ఇప్పుడు ఎడమకి రండి. రెండో అతను వచ్చాడు. అతను ఎక్కడో వెనక ఊళ్ళోనే లాంచీ దిగిపోయి, రాత్రంతా నడిచొచ్చాడు. ‘ఆలస్యమైంది, వచ్చాను’ అంటున్నాడు. అంతేనండి, ఒగ్గేసి పోలేదు."

"మా ఉర్దూ కితాబుల్లాగేనండి, కుడి నుంచే," అని కింద నుంచి ఇసాక్ గట్టిగా అన్నాడు. తాను చేసిన తప్పు కొంతైనా సర్దుకుంటుందేమోనని.

రాజేంద్రప్రసాద్ వేలు కుడి పేజీ మీద నుంచి మెల్లగా ఎడమ పేజీ మీదకు జరిగింది. అక్కడే ఆగిపోయింది.

"నానూ వచ్చేను రవణా," అన్నాడు.

"ఎక్కడికి?"

"ఆయేళ. కొండ దిగేక నీ సీటు ఖాళీగా కనిపించింది. బస్సు దిగిపోయి, జీపు ఆపించుకుని వెనక్కొచ్చేను. టీకొట్టు కాడ నువ్వు లేవు. లారీ ఎక్కి ఎల్లిపోయేవన్నారు. ఒకేళ తిరిగొత్తావేమోనని రెండు గంటలు ఆ వానలోనే కూకున్నాను."

అప్పలరమణ అతని వైపు తిరిగాడు. "మరి ఇన్నాళ్ళూ సెప్పలేదేటి?"

"నువ్వడిగేవేటి?"

అప్పలరమణ కళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు వెతుక్కున్నాడు. అది దొరక్క, రాజేంద్రప్రసాద్ భుజం మీది కండువా లాక్కుని తుడుచుకున్నాడు. సభలో చప్పట్లు మోగాయి. మెహక్ ఇదే అదనని కాగితాల కోసం చెయ్యి చాచింది. కానీ రాజేంద్రప్రసాద్ పుస్తకం వదల్లేదు.

"అమ్మా, బాగా గీసేరు. ఈ ఇద్దరూ మాలాగే సిన్నప్పటి స్నేహితులా?"

మైకు పనిచేస్తూనే ఉంది. ఎదురుగా నాలుగువందల మంది, ముందువరసలో తండ్రి. ‘అవునండి’ అంటే చాలు, ఆ కాగితాలు చేతికొస్తాయి, ఇంటికి పోవచ్చు. కానీ ఈ ఇద్దరూ ఎక్కడా దాక్కోరనీ, అందుకే ఈ పుస్తకం ముందు చేతులు జోడిస్తున్నాననీ నిన్న సాయంత్రమే సమీక్షలో రాసింది. రాసిన చెయ్యి ఇంకా తనదే కదా.

"స్నేహితులు కాదండి," అంది. "ప్రేమించుకున్నవాళ్ళు. పుస్తకం మొత్తం అదేనండి."

భోజనాల వైపు ఎవరి చేతిలోంచో గరిటె జారిపడిన చప్పుడు వినిపించింది. త్రినాధరావు మాస్టారు ఏదో అనబోయి, కూర్చోమన్నారని గుర్తొచ్చి మానేశారు. రాజేంద్రప్రసాద్ ఆ రెండు పేజీల్నీ మళ్ళీ చూశాడు, కుడి నుంచి ఎడమకి.

"మాది స్నేహమేనమ్మా," అన్నాడు చివరికి. "అయినా వానలో నిలబడ్డోడికి తేడా ఏటుంటాది?" పుస్తకం మూసి, వేలు మాత్రం ఆ పేజీలోనే ఉంచుకున్నాడు. "తరవాతేటయింది? కలిసే ఉన్నారా?"

"ఉన్నారండి. గొడుగుల కొట్టు మీద మేడగదిలో."

"మంచిది."

"అది సరే, ముందసలు ఎందుకు ఇడిపోయేరు?" అన్నాడు అప్పలరమణ.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మెహక్‌కి మొదటి పంక్తి భోజనం మొత్తం పట్టింది. ఇంతవరకూ ఆమె మాటలు చదివినవాళ్ళు తెర అవతల ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు. ఇప్పుడు అటు పదిమంది, ఇటు పదిమంది పులిహోర కలుపుకుంటూ వింటున్నారు. పోస్ట్‌మన్ ఒక ఉత్తరాన్ని ఇవ్వకుండా తొమ్మిది నెలలు జేబులో పెట్టుకు తిరిగిన ఘట్టం దగ్గర వర్తకులు రెండు పక్షాలయ్యారు. ఉత్తరం ఆపడం డ్యూటీలో తప్పని ఒక పక్షం, మనసున్నవాడు ఆపక ఏం చేస్తాడని రెండో పక్షం. పెరుగన్నం వచ్చేవరకూ తేలలేదు. ఇన్‌స్టిట్యూట్ సంగతి మెహక్‌కి చెయ్యి కడుక్కునేటప్పుడు గుర్తొచ్చింది.

ఇసాక్ జేబులోంచి కత్తి తీసి, సావనీర్ కుట్టు విప్పి, అందులో కలిసిన నాలుగు కాగితాల్నీ చిరుగు లేకుండా వేరుచేశాడు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో వాటిని కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. మెహక్ భయపడుతూనే ఉంది. గుమ్మం దగ్గర ఆగి అన్నాడు.

"ఆ చేతులు గీసిందెవరో గానీ బేటీ, పనిమంతురాలు. గొడుగు పుల్ల వంచేటప్పుడు బొటనవేలు అలాగే పెట్టాల."

జోహరాబీ అంతా విని, ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "నాకు తెలుసులే. వారం నుంచీ నువ్వు డ్యూటీకెళ్ళేక బొమ్మలు సూత్తన్నాను. ఆ పోస్టు అబ్బాయి మంచోడు. గొడుగులోడికే కాత్త పొగరు."

జరిగినదంతా మెయిల్‌లో రాయడానికి మెహక్‌కి సిగ్గేసింది. క్షమాపణ ఉత్తరం చేత్తో రాసి, నాలుగు కాగితాలతో కలిపి సోమవారం పోస్టు చేసింది. ఆ ఉత్తరం చేరడానికి రెండు రోజుల ముందే పుస్తకం కలకత్తాలో, తర్వాతి వంతు ఉన్న శర్మిష్ఠకు అందింది. ఆ తొమ్మిదిమందికీ ఒక అలవాటు ఉంది. చదివిన పుస్తకంలో నచ్చిన చోట తమ మాటగా ఒక కాగితం పెట్టి పంపుతారు. రేవు ఘట్టం ఉండాల్సిన చోట శర్మిష్ఠకు రాజేంద్రప్రసాద్ ఫొటో, కింద తెలుగులో ఆయన సందేశం, ఆ వెనక పశువుల దాణా ప్రకటన కనిపించాయి. ఆమెకు తెలుగు రాదు. ఆ రాత్రే సమీక్ష రాసింది.

"మెహక్ ఒక్క మాట కూడా రాయలేదు. ఎదురుచూసిన మనిషి ముసలివాడయ్యాక ఎలా ఉంటాడో ఒక ఫొటోతో చూపించింది. ఆ కళ్ళలో నలభై ఏళ్ళ వాన ఉంది. ఫొటో కింద గుండ్రటి అక్షరాలు చినుకుల్లా రాలుతున్నాయి. పేజీ తిప్పితే ఒక ఆవు. ఎదురుచూపుకు ఇంతకంటే మంచి పోలిక నేను చూడలేదు."

ఆ సమీక్షకు నలభై ఒక్క వ్యాఖ్యలు వచ్చాయి. ఉత్తరం, అసలు కాగితాలు అందాక శర్మిష్ఠ మెయిల్ రాసింది. ఇవీ బాగానే ఉన్నాయట, కానీ ఆ పెద్దాయన తర్వాత చూస్తే కొంచెం మామూలుగా అనిపించాయట. కుట్టు విప్పడానికి మనసు రావడం లేదట.

పది రోజుల చదువుతో, ఆఖరి పేరాతో సహా మెహక్ రాసిన సమీక్షకు మూడు వ్యాఖ్యలు వచ్చాయి. మూడూ ఆ పెద్దాయన ఇంకే పుస్తకంలోనైనా ఉన్నాడా అని అడిగినవే.