మంత్రిగారి భూకంప పరీక్ష

"ఎంతటి భూకంపమైనా సరే, మా శాఖ కార్యాలయాన్ని వెంట్రుకవాసి కూడా కదిలించలేదు. రేపు పత్రికలవారి ముందే నిరూపిస్తాం" అని మంత్రిగారు ప్రకటించారు. ఇంతటి ధైర్యం అంతకుముందు ఏ మంత్రికీ కలగలేదు. నిరూపించే పని మాత్రం ఇంజనీరమ్మకి అప్పగించారు.

ఆ భవనం సంగతి ఇంజనీరమ్మకి బాగా తెలుసు. పై అంతస్తుల నిండా గోడలు. కింద కార్ల కోసం గోడలన్నీ ఎత్తేసి సన్నటి స్తంభాలు మిగిల్చారు. నేల ఊగితే ముందు మడత పడేది ఆ కింది అంతస్తే. పైగా రెండో అంతస్తులో టైపు కొట్టేది ఆవిడ సొంత అక్క.

"సార్, ముందు ఆ స్తంభాలకి ఏదైనా చెయ్యాలండి."

"తప్పకుండా! మంచి రంగు వేయిద్దాం."

మర్నాడు మేడ మీద ఊపే యంత్రం బిగించారు. అది భవనాన్ని మనిషికి తెలియనంత మెల్లగా ఊపుతుంది. ఎంత ఊగిందో పరికరాలు పసిగడతాయి.

"తెలియకపోతే ఫొటోలో ఏం పడుతుందమ్మా? కాస్త గట్టిగా ఊపు."

"గట్టిగా ఊపితే ఫొటోలో భవనం ఉండదండి."

మంత్రిగారు పెద్దమనసుతో ఒప్పుకుని, తన గదిలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. ఎదురుగా కెమెరాలు. స్విచ్చి ఇంజనీరమ్మ చేతిలో ఉంది.

నేల గుర్రుమంది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. పైకప్పు నుంచి పెచ్చు ఊడి పి.ఎ. భుజం మీద పడింది. మంత్రిగారి చిరునవ్వు చెక్కుచెదరలేదు.

"చూశారా, ఇదీ మా కట్టడం! ఇంకాస్త పెంచమ్మా!"

"సార్... నేనింకా స్విచ్చి వెయ్యలేదు."

ఆ తర్వాత మంత్రిగారు చూపిన చురుకుదనం ఆ వయసువారిలో అరుదు. ఫొటోగ్రాఫర్లు కూడా ఆయన్ని అందుకోలేకపోయారు. ఇంజనీరమ్మ మాత్రం పైకి పరుగెత్తి, అక్క చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

అదృష్టవశాత్తూ ఊపు చిన్నది. కింది స్తంభాలు బీటలిచ్చి ఊరుకున్నాయి. ఇంజనీరమ్మ ఆ బీటల్లో వేలు పెట్టి మరీ చూపించింది. మంత్రిగారు దూరం నుంచే తల పంకించారు.

సాయంత్రానికి ఆవరణలో టెంటు లేచింది. మంత్రిగారి కుర్చీ, బల్ల, ఫోను అందులోకి చేరాయి.

"మన భవనం పరీక్షలో నెగ్గింది!" అన్నారాయన మైకులో. "ఉద్యోగులంతా నిర్భయంగా లోపలికి వెళ్లి పని చేసుకోవచ్చు."

"మరి తమరు రారా అండీ?" అంది అక్క.

"నేను ప్రజల మనిషినమ్మా. నాకు గోడలు అడ్డం."

పి.ఎ. చప్పట్లు కొట్టాడు. అక్క అడుగు కదపలేదు. ఆవిడ వెనకున్న ఉద్యోగులూ కదల్లేదు.

మంత్రిగారు మైకు పక్కకి తిప్పి, ఇంజనీరమ్మని దగ్గరికి పిలిచి గొంతు తగ్గించారు.

"అది సరే గానీ అమ్మా, ఈ టెంటు గుంజలు ఒక్కసారి చూసిపెడతావా?"