మూడుంబావు దగ్గర బయటికి

ఉదయం ఏడు గంటలకు, వెల్లుల్లి అన్నంలో ఎండుచేప నంజుకుంటూ టిబూర్సియో వేసిన పథకంలో ఎక్కడా లోపం లేదు. ఆ వేళప్పుడు ఏ పథకంలోనూ ఉండదు. అతని ట్రైసైకిల్, అంటే మోటారు సైకిలుకి పక్కన తొట్టి బిగించిన బాడుగ బండి, దాని పర్మిట్ తిరగరాయించుకోవడానికి ఆ రోజే ఆఖరు. సాయంత్రం ఐదు దాటితే అతని నలభై ఏడో నంబరు, దానికోసం రెండేళ్లుగా కాచుకుని కూర్చున్న ఇంకొకడికి పోతుంది. నంబరు లేని బండిలో మా బొహోల్ దీవి రోడ్ల మీద కోడిని ఎక్కించుకున్నా జరిమానాయే. రుసుము రెండు వేల ఆరు వందల పెసోలు. చేతిలో ఉన్నవి రెండు వేల రెండు వందలు.

తక్కువ పడిన నాలుగు వందలకు ఉపాయం చెప్పినవాడు అతని కుంపరే (పిలుపులో పరే), అంటే అతని కొడుకు జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా నిలబడిన అబెలార్దో. ఇతగాడు ఫోన్లో విమానం ఆట ఆడతాడు. తెర మీద విమానం లేస్తుంది. ఎంత పైకి పోతే పందెం అన్ని రెట్లు. అది కూలేలోగా బయటపడ్డవాడికి డబ్బు, పడనివాడికి ఒక దండం. ఈ విద్యలో అబెలార్దో పండితుడు. నోటు పుస్తకం నిండా సూత్రాలు రాసుకున్నాడు. ఇప్పటిదాకా గెలవలేదన్నది వేరే సంగతి.

"పరే, శాస్త్రం విను," అన్నాడు. "రెండొందలు నా ఫోన్లో వెయ్యి. ఇరవై భాగాలు చేద్దాం. ఆటకి ఒక భాగం, పది పెసోలు. ఒకటిన్నర రెట్లు రాగానే బయటికి. వరసగా మూడుసార్లు పోతే ఆ రోజుకి కొట్టు కట్టెయ్యడమే."

"గెలిస్తే ఎంతొస్తుంది?"

"ఐదు పెసోలు."

"నాకు నాలుగొందలు కావాలయ్యా!"

"ఎనభైసార్లు గెలుద్దాం."

"మధ్యలో ఓడితే?"

"ఓడకూడదని మొదటి పేజీలోనే రాసుకున్నా."

అంత పకడ్బందీగా ఉన్నాక ఇంకేం కావాలి? రెండు వందలు ఫోన్లోకి వెళ్లాయి. చేతిలో రెండు వేలు మిగిలాయి కాబట్టి ఇప్పుడు ఫోన్లోంచి ఆరు వందలు రావాలి.

టిబూర్సియో మునిసిప్యోలో, అంటే ఊరి పురపాలక కార్యాలయంలో, మూడో కిటికీ ముందు వరుసలో నిలబడ్డాడు. అబెలార్దో బయట నీడలో, ట్రైసైకిల్లో కూర్చుని ఆడుతూ, ఇంకో ఫోన్లో అతనికి కబురు చెబుతున్నాడు. ముప్పై ఏళ్లు సైలెన్సర్ లేని బండి నడిపిన చెవులు అబెలార్దోవి. అరిస్తే తప్ప వినబడదు.

ఇక మా మునిసిప్యో సంగతి. పెద్ద భూకంపం వచ్చాక దాని గోడల పగుళ్లలో బల్లులు కాపురాలు పెట్టి మనవల్ని కూడా ఎత్తుకున్నాయి. పక్కనుంచి లారీ పోతే చాలు, లోపలి జనం మాట ఆపి పైకప్పు వంక చూస్తారు.

పదకొండు గంటలకు లెక్క తేలింది. ఇరవై ఒక్కసార్లు గెలిచి, పన్నెండుసార్లు ఓడి, రెండు వందలు నూట ఎనభై ఐదయ్యాయి. కిటికీ ముందు ఇంకా ముగ్గురే ఉన్నారు.

"మొత్తం పెట్టెయ్ పరే!" అని అరిచాడు టిబూర్సియో.

"శాస్త్రం ఒప్పుకోదు!"

"నా రుసుము శాస్త్రం కడుతుందా? మూడుంబావు చాలు, పెట్టు!"

అబెలార్దో శిలువ గుర్తు వేసుకుని పెట్టాడు. "ఒకటిన్నర!... రెండు!... రెండున్నర, నా గుండె ఆగేట్టుంది!... మూడు!"

"ఉండు... ఉండు..."

"మూడుంబావు!"

"బయటికి!" టిబూర్సియో గొంతు చించుకున్నాడు. "బయటికి రా! కూలిపోతుంది! కూలిపోతుంది!"

ఆ తరువాత వరుస అనేది లేదు. కాపలావాడు ఈల వేశాడు. లోపలి దంతవైద్యుడి గదిలో పన్ను పీకించుకుంటున్న మనిషి నోట్లో దూదితోనే మెట్లు దూకాడు. ఇరవై రెండేళ్లుగా మూడో కిటికీ వదలని మేడమ్ ఫిలోమెనా తన కుర్చీని కూడా నెత్తిన పెట్టుకుని వచ్చింది. పెళ్లి రిజిస్టరులో పెళ్లికూతురు సంతకం చేసింది, వరుడు చేయకముందే పరిగెత్తాడు; ఆమె పుస్తకంతో సహా వెంటపడి అతన్ని బయట చొక్కా పట్టుకుని ఆపింది. బండి సీటు మీద పుస్తకం పెట్టి సంతకం చేయించింది.

టిబూర్సియో ఆ తొక్కిసలాటలోంచి ఊడిపడి తన బండి దగ్గరికి ఉరికాడు. అబెలార్దో రోడ్డు మధ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. ఫోన్ సీటు మీద ఒంటరిగా ఉంది. విమానం నాలుగు దాకా వెళ్లి కూలిపోయింది.

"బయటికి రమ్మంటే ఏం చేశావురా?"

"వచ్చానుగా పరే!"

"బండిలోంచి కాదు, ఆటలోంచి!"

"ఏ ఆట?" అన్నది వెనకనుంచి ఒక గొంతు. మెట్ల పక్కన పుతో అనే బియ్యప్పిండి ఆవిరి బిళ్లలు అమ్మే లాగ్రిమాస్, టిబూర్సియో భార్య. "ఏ ఆటని అడుగుతున్నా. పర్మిట్ డబ్బుల్లోంచి ఎంత పోయింది?"

"రెండొందలే..." అన్నాడు టిబూర్సియో, బండి చక్రానికి చెబుతున్నట్టుగా. "ఇంక నంబరు పోయినట్టే, లాగ్రిమాస్."

ఆమె నోరు తెరిచేలోగా కార్యాలయం లోపలినుంచి ధడేలుమని చప్పుడైంది. మెట్లమీదికి దుమ్ము పొర్లింది. రెండు వందల మంది ఒక్కసారిగా తొక్కిన ఊపుకి, చెదలు ఏనాడో తినేసిన దూలం ఒకటి విరిగి పడింది. సరిగ్గా మూడో కిటికీ వెనక, మేడమ్ ఫిలోమెనా బల్ల మీద. ఆమె చేతిలోని కుర్చీని చూసుకుంది, తరువాత టిబూర్సియోని చూసింది, చూసి భోరుమంది.

మేయరు వచ్చాడు. "కూలుతుందని నీకెలా తెలిసిందయ్యా?"

టిబూర్సియో ఫోన్ని సీటు కిందికి తోశాడు. "లోపల... అదోలా అనిపించింది సార్."

"మా ఆయనకి కూలేవంటే మహా ఇష్టం మేయర్ గారూ," అన్నది లాగ్రిమాస్. "పొద్దుటినుంచీ వాటి మీదే ధ్యాస." అంటూనే అతని జేబులోంచి రెండు వేలూ తీసి పుతో బుట్టలో గుడ్డ కింద దాచింది.

కార్యాలయం మరమ్మతులకు మూతపడింది. పర్మిట్ల గడువు రెండు వారాలు పెరిగింది. తక్కువ పడిన ఆరు వందలు టిబూర్సియో ఆరు రోజుల్లో సంపాదించాడు, మనుషుల్ని ఎక్కించుకుని, దింపి. పద్నాలుగో రోజున, మళ్లీ తెరిచిన మూడో కిటికీలో మేడమ్ ఫిలోమెనా నలభై ఏడో నంబరు మీద ముద్ర కొట్టి ఇచ్చింది. దానితో పాటు, ప్రాణాలు కాపాడినందుకు మేయరు సంతకం చేసిన ప్రశంసాపత్రం ఒకటి చేతిలో పెట్టబోయి, వెనక్కి తీసుకుంది.

"స్టాంపు అంటిస్తేనే చెల్లుతుంది నాయనా," అన్నది కళ్లు తుడుచుకుంటూ. "ముప్పై పెసోలు."

ఆ పత్రం ఇప్పటికీ మూడో కిటికీ దగ్గరే భద్రంగా ఉంది.