నా కారు, అనంతపురం హారను

మా సౌదీ యాన్బులో చప్పట్లు కొట్టేది చేతులతో కాదండీ, హారన్లతో.

శుక్రవారం పొద్దున్నే క్యాంపు వెనక ఇసక మైదానంలో క్రికెట్. మగవాళ్ళం ఎండలో ఆడతాం. ఆడవాళ్ళు బౌండరీ చుట్టూ వరసగా నిలిపిన కార్లలో ఏసీ వేసుకుని కూర్చుంటారు. ఫోర్ కొడితే రెండు సార్లు పీప్ పీప్, సిక్సరయితే ఒకటే పొడుగాటి మోత. ఈ దేశంలో ఆడవాళ్ళకి ఇంకా కారు నడిపే అనుమతి రాలేదు కదా, ఆ రెండు గంటలూ స్టీరింగు వాళ్ళదే. వారమంతా అణిచిపెట్టుకున్నదంతా ఆ హారన్ మీద చూపిస్తారు.

ఇక్కడ జట్లన్నీ చదివిన కాలేజీల పేరు మీదే. నాది కాకినాడ కాలేజీ. మా ఆవిడ రాజ్యానిది అనంతపురం కాలేజీ. ఏటా ఆఖరాటలో తలపడేది ఈ రెండే. కిందటేడు నేను సున్నాకి అవుటైనప్పుడు అన్నిటికన్నా పొడుగ్గా మోగింది నా కారే. వెనకద్దం మీద కాకినాడ స్టిక్కరు, లోపల్నుంచి అనంతపురం మోత! మా కెప్టెన్ చెంచయ్య ఆ రోజే తేల్చి చెప్పాడు.

"మూర్తీ, వచ్చే ఏడు నీ కారు మళ్ళీ వాళ్ళకి మోగిందా, నువ్వు నీళ్ళ క్యాను మోయడానికే."

ఈ చెంచయ్యని మేం అప్పీలు చెంచయ్య అంటాం. బంతి ప్యాడుకి తగిలిన చప్పుడు చెవిన పడితే చాలు, పక్క మైదానంలోనైనా సరే, చేతులెత్తి "హౌజట్" అనేస్తాడు. చదువుకునే రోజుల నుంచీ అంతే.

ఇంతకీ అసలు గొడవ క్రికెట్ కాదు, సెలవు. ఏడాదికి ముప్పై రోజులు. తొమ్మిదేళ్ళుగా ఇరవయ్యారు రోజులు మా కాకినాడలో, మిగిలిన నాలుగు రోజులు రాజ్యం పుట్టినూరు ధర్మవరంలో. ఈసారి రాజ్యం పట్టుపట్టింది.

"మా ఊర్లో పెట్టె తెరిచేలోపే మూయాల్సొస్తాంది. ఈ తూరి మా కాలేజీ గెలిస్తే ఇరవయ్యారు దినాలు ధర్మవరమే."

"మేం గెలిస్తే?"

"ఇంక జన్మలో సెలవు మాటెత్తను."

"నిజంగా?"

"మీ స్టిక్కరు మీద ఒట్టు."

ఒప్పుకున్నాను. ఒప్పుకున్న క్షణం నుంచి నాకు కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. రాజ్యం హారన్ వింటే అనంతపురం వాళ్ళకి పూనకం వస్తుంది. ఆ హారనే లేకపోతే? ఈ ఆలోచన ఆఫీసులో వచ్చింది. ఆ సంతోషంలో లీవు ఫారం బదులు ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా ఫారం రెండుసార్లు నింపేశాను.

ఇక్కడ గురు, శుక్రవారాలు సెలవు కాబట్టి గురువారం పొద్దున్నే కారు తీసుకెళ్ళి గులాం మొహిద్దీన్ గ్యారేజీలో పెట్టాను. ఆరేళ్ళుగా నా కారు చూసేది అతనే. అతనితో ఎప్పుడూ నా హిందీయే. హారన్ ఫ్యూజు తీసెయ్యమనీ, ఎవరికీ చెప్పొద్దనీ అందులోనే అన్నాను.

"భాయ్, హారన్ కా ఫ్యూజ్ నికాల్ దో. కిసీకో మత్ బోలో."

మొహిద్దీన్ నన్ను ఎగాదిగా చూశాడు. "హారన్ నికాల్నా? పక్కా సాబ్?"

"పక్కా."

సాయంత్రం కారు తెచ్చుకున్నాను. హారన్ నొక్కితే చడీచప్పుడూ లేదు. ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు గ్రౌండుకి వెళ్తుంటే రౌండెబౌట్ దగ్గర ఒక పికప్ వాడు అడ్డంగా దూసుకొచ్చాడు. అలవాటు కొద్దీ హారన్ మీద గుద్దాను. నిశ్శబ్దం.

"ఏంది, హారన్ కొట్టలేదే?" అంది రాజ్యం.

"శుక్రవారం కదా, పోనీలే పాపం."

"తొమ్మిదేండ్లలో ఒక్కనాడూ ఎవరినీ పోనీలే అన్లేదు మీరు. జరమొచ్చిందా?" అంటూ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. నేను ఏసీ వేసుకుని కూడా చెమటలు కక్కుతున్నాను.

ముందు అనంతపురం వాళ్ళు బ్యాటింగు. పది ఓవర్లలో డెబ్బై. వాళ్ళు ఫోర్ కొట్టినప్పుడల్లా నేను కారు వైపే చూశాను. రాజ్యం చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. అలా చూస్తూ రెండు క్యాచ్‌లు వదిలేశాను. అయినా ఫర్వాలేదనిపించింది. నా కారు మోగడం లేదని చెంచయ్య కూడా వచ్చి భుజం తట్టాడు.

తర్వాత మా వంతు. వికెట్లు పడ్డాయి, పరుగులూ వచ్చాయి. చివరికి నాలుగు బంతులు, రెండు పరుగులు, మిగిలింది ఒక్క వికెట్. అవతల చివర చెంచయ్య, బ్యాటు పట్టుకుని నేను. ధర్మవరమా, కాకినాడా, నా ప్యాడ్ల మీద ఉంది.

మా రూళ్ళలో ఎల్బీడబ్ల్యూ ఉంది. కాకపోతే ఎవరైనా గట్టిగా అప్పీలు చేస్తేనే అంపైరు వేలెత్తుతాడు.

బౌలరు పరుగెత్తుకొచ్చాడు. బంతి వదిలాడు.

"భోంయ్ఁయ్ఁయ్ఁ!"

అది కారు హారన్ కాదండీ, లారీ హారన్! పది టైర్ల లారీ మైదానం మీదికి వచ్చేసిందనుకుని అనంతపురం పదకొండు మందీ వెనక్కి తిరిగారు. నేను ఎగిరిపడ్డాను. బంతి వచ్చి వికెట్ల ముందున్న నా ప్యాడుకి టప్పుమని తగిలింది. అదృష్టం, అప్పీలు చేసేవాడు ఒక్కడూ లేడు.

"హౌజట్!"

ఎవరనుకున్నారు? అవతల చివర, నా కెప్టెన్, నా చెంచయ్య, రెండు చేతులూ ఆకాశానికెత్తి!

అంపైరు అబ్దుల్ ఖాదర్ పదేళ్ళు ట్రెయిలర్ లారీల మధ్య పనిచేసిన హైదరాబాదీ. ఆయన ఆ మోతకి రెప్ప కూడా ఆర్పలేదు. నింపాదిగా వేలెత్తాడు.

"మావాడే అరిస్తే ఎలా అండీ?" అని మొత్తుకున్నాను.

"ఎవరు ఒర్లాల్నో మీ రూల్ల రాయలే సార్. రాసుకున్నప్పుడు యాదికి రావాలె."

చెంచయ్య రెండు చేతులూ అలాగే ఎత్తి నిలబడ్డాడు, దించితే ఏమవుతుందోనని.

కారు దగ్గరికి పరుగెత్తాను. "ఏంటే ఇది? హారన్ ఎక్కడ్నుంచొచ్చింది?"

రాజ్యం సీటు కింద ఉన్న చిన్న బటన్ చూపించింది. "పొద్దుట్నుంచీ మావాళ్ళ ఫోర్లకి కూడా నొక్కలే. చివర్లో మీరు ఒక్కరే నిలబడి గజగజ వణుకుతాంటే మనసాగలేదు. మీకోసమే నొక్కినా."

"నాకోసమా!"

"ఏం, మీకు హుషారు రాలేదా?"

వచ్చిందని ఎలా చెప్పను? రాలేదని ఎలా చెప్పను? అటువైపు అనంతపురం కార్లన్నీ కలిసి మోగుతుంటే నా మాట నాకే వినపడలేదు.

మర్నాడే ఉగ్రుణ్ణై గ్యారేజీకి వెళ్ళాను. "హారన్ నికాల్నే బోలా, లారీ హారన్ కైకూ లగాయా?"

మొహిద్దీన్ చేతులు తుడుచుకుని, ఆరేళ్ళలో మొదటిసారి నాతో శుద్ధమైన తెలుగులో మాట్లాడాడు.

"మీరు చెప్పినట్లే ఫ్యూజు తీసేసినా సార్. హారన్ మాత్రం అక్క పెట్టమన్నాది. మీరు కారు ఇడిసి పోతానే అక్కకి ఫోన్ చేసినా. మా ఊరి ఆడబిడ్డకి చెప్పకుండా ఎట్లుంటా?"

"నీది ఏ ఊరయ్యా?"

"ధర్మవరం సార్. వచ్చిన కొత్తలోనే అక్క అడిగింది. మీరు అడగనేలేదు గదా."

ఆరేళ్ళ నుంచి నా కారు కింద పడుకుని లేచే మనిషిని నేను ఏ ఊరని అడగలేదు. పోనీ, తొమ్మిదేళ్ళలో రాజ్యాన్నైనా ముందు ఏ ఊరు వెళ్దామని అడిగానా? సిగ్గేసింది.

ఇంటికొచ్చి ఆ ముక్కే అడిగాను. "ముందు ఎక్కడికి వెళ్దామంటావ్, రాజ్యం?"

"ఇప్పుడడిగి ఏం లాభం? టికెట్లు నిన్ననే బుక్ చేయించినా" అంది. "ఇరవయ్యారు దినాలు ధర్మవరం. అన్నట్టు మొహిద్దీన్ కూడా అదే విమానానికి వస్తాండాడు. పెట్టెలు మోసేదానికి మనిషి దొరికినాడని సంబరపడొద్దండి, అతని పెట్టెలూ మీరే మోయాల."